నైట్ డ్యూటీలో ఎంతమంది?

"ఏంమే, అమెరికాలో హోముల్లో ముసిలోళ్లను కొడతారంట గదా, నువ్వు చేసేది అట్లాంటి చోటేనా?"

సెలవుకు తిరుపతి వచ్చి, కొర్లగుంటలో పిన్నమ్మ ఇంటికి భోజనానికి వెళ్తే విస్తరి ముందే పడిన ప్రశ్న ఇది. అడగడానికి కారణం ఉంది. న్యూజెర్సీలో ఉన్న ఆమె కొడుకు, నాకు తమ్ముడు, ఆమెను చంద్రగిరి రోడ్డులోని ఒక హోములో చేర్పించాలని చూస్తున్నాడు. నేనేమో అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, డాలస్ దగ్గర నర్సింగ్ హోములో ఆర్.ఎన్.ని, అంటే రిజిస్టర్డ్ నర్సుని. లేవలేని, మతి నిలవని పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు అది.

కొట్టడం అసలు లేదని చెప్పలేను. నేను ఎక్కువగా చూసింది మాత్రం వేరు. రాత్రి ముగ్గురు ఎయిడ్లు, అంటే నర్సుకు సాయంగా ఉండే ఆయాలు, రావలసిన వింగుకు ఒక్కరే వస్తారు. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పేవాళ్లు లేకపోతే ముందు నడుము కింద చర్మం ఎర్రగా కందుతుంది, తర్వాత పుండవుతుంది, నాలుగో స్టేజీకి ఎముక బయటపడుతుంది. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ తిట్టలేదు. అయినా అక్కడి చట్టం లెక్కలో అది నెగ్లెక్టే, అంటే చూడాల్సిన మనిషిని చూడకుండా వదిలేయడమే. రాత్రంతా అరిచే ముసలాయనకు జబ్బు కోసం కాకుండా స్టాఫ్ సుఖం కోసం మత్తుమందు ఇవ్వడమూ చట్టవిరుద్ధమే.

హోముల్లో ఉండేవాళ్లకు ఇలాంటివి జరగకూడదన్న హక్కులు 1987లో వచ్చిన ఫెడరల్ (అమెరికా కేంద్ర) చట్టంతో మొదలయ్యాయి. వైద్యం ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే ప్రతి హోమూ దానికి కట్టుబడాలి. పదిహేను నెలలు దాటకుండా రాష్ట్రం తరఫున ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా వచ్చి పడతారు. చెప్పకుండా అంటారు గానీ, పోయినసారి ఎప్పుడొచ్చారో అందరికీ గుర్తుంటుంది. ఆ నెలలు దగ్గరపడేసరికి మా హోములో గోడలకు రంగులు పడతాయి, షిఫ్టుకు మనుషులు పెరుగుతారు. వాళ్లు వెళ్లాక మళ్లీ మామూలే. ఒక్కో మనిషికి రోజుకు కనీసం 3.48 గంటల సేవ అందేలా స్టాఫ్ ఉండాలని 2024లో అక్కడి కేంద్ర ప్రభుత్వం రూలు తెచ్చింది. మరుసటి ఏడాది టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టే దాన్ని కొట్టేసింది. అన్నిటికంటే అక్కరైన రూలు పోయిందని నాకు ఇప్పటికీ కోపమే.

ఆ చట్టాల్లో నాకు నచ్చినదీ, నన్ను భయపెట్టినదీ ఒకటుంది. నేరం జరిగిందని అనుమానం వస్తే చాలు, పనిచేసే ప్రతి ఒక్కరూ పోలీసులకూ రాష్ట్రానికీ తెలపాలి. పెద్ద గాయమైతే రెండు గంటల్లో, లేకపోతే ఇరవై నాలుగు గంటల్లో. మేనేజరుకు చెప్పి ఊరుకుంటే కుదరదు. ఒక ఎయిడ్ స్నానం దగ్గర ఓ ముసలామె చెయ్యి మెలిపెట్టడం చూసి నేను రిపోర్ట్ చేశాను. అలా చేసినవాళ్ల మీద కక్ష తీర్చుకోకూడదని చట్టంలో ఉంది. బ్రేక్ రూములో నా పక్కన కూర్చుని అన్నం తినాలని మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

"మరి కేసు వేస్తే కోట్లు వస్తాయంట గదా?" అంది పిన్నమ్మ. టెక్సస్‌లో అంత సులువు కాదు. 2003 నుంచి, బాధకూ వేదనకూ ఇచ్చే పరిహారం ఒక హోము మీద 2,50,000 డాలర్లు దాటకూడదు. మామూలుగా రెండేళ్లలోపు కేసు వేయాలి. హోము కోర్టులో జవాబు దాఖలు చేశాక 120 రోజుల్లో కేసు వేసినవాళ్లు నిపుణుడి రిపోర్టు ఇవ్వాలి, లేకపోతే కేసు కొట్టేస్తారు. ఎనభై ఏళ్ల మనిషికి పోయిన జీతం ఉండదు కాబట్టి ఆ లెక్కలో వచ్చేదీ ఏమీ లేదు. లాయర్లు కూడా చూసి చూసి గానీ ముట్టుకోరు. చేరేటప్పుడు పెట్టించుకునే కాగితాల్లో గొడవ వస్తే కోర్టుకు పోకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకుంటామనే ఒప్పందం ఉంటుంది. దాని మీద సంతకం పెట్టకపోయినా చేర్చుకోవాలని 2019 నుంచి రూలుంది. పెట్టినా ముప్పై రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. ఆ హడావిడిలో అది చదివే కొడుకునూ కూతురునూ నేనింతవరకు చూడలేదు.

మరుసటి రోజు ఇద్దరం ఆటోలో ఆ హోముకు వెళ్లాం. చోటు బాగుంది. కిటికీలోంచి శేషాచలం కొండలు, తెల్లవారితే మైకులో సుప్రభాతం, నెలకోసారి తిరుమల దర్శనం. మేనేజరు మర్యాదస్తుడు. రాత్రి ఎంతమంది ఉంటారని అడిగాను. "వాచ్‌మన్ ఉంటాడు మేడమ్, ఒక ఆయమ్మ పడుకుంటుంది." ఎవరైనా కింద పడితే ఎక్కడ రాస్తారని అడిగితే, వచ్చిపోయేవాళ్ల రిజిస్టరు తీసి చూపించాడు.

మనకూ 2007లో పెద్దల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. వదిలేసి పోతే మూడు నెలల జైలు, 5,000 రూపాయల జరిమానా దాకా పడొచ్చు. బీద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక హోము చొప్పున రాష్ట్ర ప్రభుత్వం పెట్టొచ్చనీ అందులో ఉంది. డబ్బు కట్టి చేరే హోములో రాత్రి ఎంతమంది మెలకువగా ఉండాలో మాత్రం ఆ చట్టం చెప్పదు. ఏదైనా జరిగితే ఫోన్ చెయ్యమని వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు పిన్నమ్మ ఫోనులో సేవ్ చేశాను. ఇల్లు ఎవరికీ రాసివ్వొద్దనీ, ఇస్తే చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించాలనీ చెప్పాను. తమ్ముడికి ఇది నచ్చకపోవచ్చు.

టెక్సస్‌లో 2001 నుంచి కుటుంబం గదిలో కెమెరా పెట్టుకోవచ్చు. పక్క మంచం వాళ్లు ఒప్పుకోవాలి, తలుపు దగ్గర బోర్డు ఉండాలి. అది చెప్పగానే పిన్నమ్మ నవ్వింది. "నేను చీర మార్చుకునేది వాడు న్యూజెర్సీలో కూర్చుని చూడాల్నా? వద్దు సామీ."

చివరికి ఒక నెల ఉండి చూస్తానంది, ఇల్లు అద్దెకు ఇవ్వకూడదన్న షరతు మీద. రాత్రికి మెలకువగా ఇద్దరు మనుషులు, పడినా పుండైనా తేదీ వేసి రాసే పుస్తకం, ఆ పేజీ ఫోటో తమ్ముడికి పంపడం — ఈ మూడూ కాగితం మీద రాసివ్వమని మేనేజరును అడగమన్నాను. ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడతానన్నాడు తమ్ముడు. నేనూ లైన్లో ఉంటానని చెప్పాను.