ఆర్చ్‌టాప్ గిటార్ నెక్: వీణకి మైనం చేసే పని ఇక్కడ ఉలి చెయ్యాలి

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఏకాండి వీణ చూసిన కంటికి గిటార్ నెక్ (మెడ) బాడీని కలిసే అతుకు ఒక లోపంలాగే కనిపిస్తుంది. అక్కడ కుండ (బుర్ర), దండి (మెడ) ఒకే పనస దుంగలోంచి వస్తాయి. మెట్ల ఎత్తులో తేడా వస్తే మైనం మెత్తబరిచి సర్దుతారు. ఆర్చ్‌టాప్‌లో, అంటే పైపలకను వంపుగా చెక్కిన గిటార్‌లో, ఆ వెసులుబాటు లేదు. మెట్లు నెక్ పైన అతికించే ఫింగర్‌బోర్డు పలకలోకి దిగిపోతాయి. తీగలు మోసే బ్రిడ్జి వంపు తిరిగిన పైపలక మీద జిగురు లేకుండా నిలబడుతుంది. తీగల ఎత్తు బాగుండాలంటే నెక్ ఎంత వెనక్కి వాలాలో అతుకు దగ్గరే తేలిపోవాలి.

ముందు లెక్క. 25 అంగుళాల స్కేలు (నట్ నుంచి బ్రిడ్జికి తీగ పొడవు), అంటే 635 మి.మీ. నెక్ 14వ మెట్టు దగ్గర బాడీని కలిస్తే నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే చిన్న దిమ్మ) నుంచి అక్కడికి 352, అక్కడి నుంచి బ్రిడ్జికి 283 మి.మీ. మెట్లు దిగ్గొట్టని ఫింగర్‌బోర్డు మీద పొడుగాటి కొలబద్ద పెడితే, బ్రిడ్జి చోట దాని అడుగు పైపలకకి 21 మి.మీ. ఎత్తున ఉండాలి. తీగల ఒత్తిడికి పైపలక కాస్త కుంగుతుంది కాబట్టి 22 పెట్టుకోవడం మేలు. ఈ ఎత్తు మరీ తక్కువైతే బ్రిడ్జిని దించడానికి చోటుండదు, స్వరం నీరసిస్తుంది. ఎక్కువైతే బ్రిడ్జి పొడుగై పైపలకను నొక్కేస్తుంది.

డవ్‌టెయిల్ అతుకును (పావురం తోకలా వెడల్పయ్యే నెక్ నాలుక బాడీ గాడిలో కూర్చునేది) నెక్ ఇంకా చదరపు దుంగగా ఉన్నప్పుడే కుదర్చాలి. గుండ్రంగా చెక్కేశాక మూలమట్టం ఆనించడానికి తిన్నని ముఖం దొరకదు. నాలుకను 2 మి.మీ. పైకి తేలేలా కోసి, గాడి గోడలకి సుద్ద రాసి, నెక్ దించి తియ్యండి. సుద్ద అంటిన చోట మాత్రమే గీకండి. నాలుకకి రెండు పక్కలా బాడీని తాకే భుజాలు పూర్తిగా ఆనక్కర్లేదు. లోపలివైపు అర మిల్లీమీటరు పల్లం తీసి, అంచున 3 మి.మీ. పట్టీ మిగిల్చితే చాలు. సవరించేది ఆ పట్టీనే.

ఎంత సవరించాలి? మడమ (నెక్ బాడీని కలిసే చోటి లావు భాగం) లోతు 85 మి.మీ. అయితే, దాని అడుగున 0.3 మి.మీ. తీస్తే బ్రిడ్జి దగ్గర 1 మి.మీ. ఎత్తు పెరుగుతుంది. ఉలి ఒక్కసారి ఎక్కువ లాగితే అంత మారిపోతుంది. నెక్ నడిమి గీతదీ ఇదే తీరు: బ్రిడ్జి దగ్గర గీత మంద్ర తీగల వైపు తప్పితే ఆ వైపు భుజాన్నే తగ్గించాలి. తొందరలో చాలామంది రెండోవైపు తీసి తప్పును రెట్టింపు చేస్తారు. భుజాల మధ్య 50 మి.మీ. ఉంటే, 0.1 తీసినందుకు గీత అర మిల్లీమీటరు జరుగుతుంది.

జిగురు లేకుండానే నెక్ పట్టుకుని ఎత్తితే బాడీ వేలాడాలి. నాలుక వదులైతే దాని పక్కలకి పల్చటి చెక్క పొర అంటించి మళ్లీ గీకండి. వదులు పూడ్చడం జిగురు పని కాదు.

చెక్కడం కొంత తేలిక. మొదటి మెట్టు కింద 21, పదో మెట్టు కింద 24 మి.మీ. మందం ముందు తేల్చి, ఆ రెండు చోట్లనీ కలుపుతూ రండి. మొదటి విడతలో 2 మి.మీ. ఎక్కువ ఉంచి రెండు వారాలు వదిలెయ్యండి. చెక్కలో దాగిన బిగువు విడిపోయి నెక్ కొద్దిగా వంగుతుంది. అప్పుడు పైముఖం చిత్రిక పట్టి ఫింగర్‌బోర్డు అతికించాలి. దానికి తెల్ల జిగురు వద్దు: అందులోని నీటికి ఫింగర్‌బోర్డు ఉబ్బి నెక్ వెనక్కి వంగుతుంది. ఎపాక్సీ మంచిది.

నెక్ అతుక్కి మాత్రం 60 డిగ్రీల వేడిలో తోలు జిగురు. సుమారు 70 కిలోల తీగల లాగుడుకి అది జారదు, పైగా ఎప్పుడైనా విప్పాలంటే ఆవిరికి వదులుతుంది. అది త్వరగా గడ్డకడుతుంది కాబట్టి గాడినీ నాలుకనీ ముందే వెచ్చబెట్టుకోవాలి.

మన వైపు అసలు చిక్కు తేమ. గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్కలో 9 శాతం నిలుస్తుంది, 80 అయితే 16 దాకా పోతుంది. శ్రావణంలో సరిగ్గా కూర్చిన నాలుక గాలి పొడిబారినప్పుడు ముడుచుకుని వదులవుతుంది. అందుకే కూర్చే పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి, లేదా తేమ లాగే యంత్రంతో గదిని 50 దగ్గర నిలపండి. వానల్లో ఫింగర్‌బోర్డు చివరి భాగం పైకి లేచే అవకాశం ఎక్కువ. 14వ మెట్టు నుంచి చివరకి 0.3 మి.మీ. వాలు ముందే ఇచ్చేస్తే పై మెట్ల మీద తీగ గరగరలాడదు.