గ్వాంగ్‌జౌలో చెప్పిన టైముకి చేరడం

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్లొచ్చిన మన వ్యాపారులు అక్కడ జరిగే పెద్ద వాణిజ్య ప్రదర్శన క్యాంటన్ ఫెయిర్ గురించీ, సరుకు ధరల గురించీ చెబుతారు. నాకు ఆ ఊళ్లో అన్నిటికన్నా నచ్చింది వేరు. ఇక్కడి నుంచి అక్కడికి ఎంతసేపట్లో వెళ్తామో బయల్దేరేటప్పుడే చెప్పొచ్చు, చెప్పినట్టే చేరొచ్చు. విజయవాడలో టైల్స్, శానిటరీవేర్ షాపు నడుపుతున్నాను. కొనుగోలుకి వెళ్లినప్పుడు ఒక్క అపాయింట్‌మెంట్ తప్పిందంటే దాని వెనక ఉన్నవన్నీ తప్పుతాయి. పొద్దున ఫెయిర్‌లో, మధ్యాహ్నం పక్క ఊరు ఫోషాన్‌లో, రాత్రి మళ్లీ గ్వాంగ్‌జౌ నడిబొడ్డున తియాన్‌హేలో ఉండాలంటే, అంత పెద్ద ఊళ్లో కుదిరే పనేనా అని వెళ్లేముందు టెన్షన్ పడ్డాను. నిక్షేపంగా కుదిరింది.

1957 నుంచీ జరుగుతున్న ఈ ఫెయిర్ ఏటా రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మొదలవుతుంది. మూడు విడతల్లో మా సరుకు రెండో విడతలో వస్తుంది. ఊళ్లోని పజౌ ప్రాంతంలో ఉన్న ప్రాంగణంలో ప్రదర్శనకి వాడే స్థలమే పదిహేను లక్షల చదరపు మీటర్లు దాటుతుందంటారు. అందుకే ఏ మెట్రో స్టేషన్‌లో దిగామన్నది చాలా ముఖ్యం. ఎనిమిదో లైన్లో షిన్‌గాంగ్‌డాంగ్, పజౌ అని పక్కపక్కనే రెండు స్టేషన్లున్నాయి. మనకి కావలసిన హాలు ఎటువైపుందో చూసుకుని దిగకపోతే, లోపల నడకతోనే కాళ్లు పడిపోతాయి.

స్టేషన్ పేరొక్కటే సరిపోదు, ఎగ్జిట్ కూడా తెలియాలి. ఏ, బీ, సీ, డీ అని ప్రతి ద్వారానికీ ఒక అక్షరం ఉంటుంది. నాతో పని ఉన్న సప్లయర్లంతా అడ్రస్ పంపేటప్పుడు ఎగ్జిట్ అక్షరం కూడా రాసేవారు. చైనీస్ ఒక్క ముక్క చదవడం రాని నాకు ఆ ఒక్క అక్షరమే పెద్ద ఆసరా. బోర్డులు ఇంగ్లీషులోనూ ఉంటాయి. రైల్లో అనౌన్స్‌మెంట్ మాండరిన్‌లో, కాంటనీస్‌లో, ఆ తర్వాత ఇంగ్లీషులో వస్తుంది.

మెషిన్లో టికెట్ తీస్తే క్యారమ్స్ బిళ్లంత ఆకుపచ్చ టోకెన్ వస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడు తాకించాలి, బయటికొచ్చేటప్పుడు గేటు కంతలో వేసేయాలి. హైదరాబాద్ మెట్రో ఎక్కినవాళ్లకి ఇదేం కొత్త కాదు. చార్జీ రెండు యువాన్ల నుంచి మొదలు. ప్రతి స్టేషన్‌లోనూ బ్యాగు స్కానింగ్ తప్పదు. నా బ్యాగులో టైల్ శాంపిల్స్ ఉండేవి, స్క్రీన్ మీద నల్లటి దిమ్మల్లా కనబడతాయి కదా, ఒకచోట ఆపారు. డ్యూటీలో ఉన్నమ్మాయికి ఒక ముక్క తీసి చూపించాను. దాని అంచు మీద వేలు పెట్టి రాసి చూసి, మళ్లీ కాగితంలో తనే పొందిగ్గా చుట్టి ఇచ్చింది. వెనక క్యూలో ఒక్కరూ విసుక్కోలేదు.

మూడో లైన్ సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎయిర్‌పోర్టు నుంచి ఊరి మధ్యగా దక్షిణానికి వెళ్లే లైన్ అది. సాయంత్రం తియూ షిలూ స్టేషన్‌లో రైలు మారాలంటే రెయిలింగుల మధ్య మెలికలు తిరుగుతూ చాలాసేపు నడవాలి. ఎక్కాక ఫోన్ జేబులోంచి తీయడానికి కూడా సందు ఉండదు. అయినా దిగేవాళ్లు దిగేదాకా ఎక్కేవాళ్లు తలుపుకి అటూ ఇటూ నిలబడే ఉంటారు. అంత జనం ఉన్నా రైలు టైముకి కదలడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. సామాన్లతో వెళ్లేవాళ్లు ఆ వేళల్లో ఆ లైన్ వదిలేసి కారు చూసుకోవడం మంచిది.

ఫోషాన్‌కి మెట్రోలోనే వెళ్లొచ్చు. రెండు నగరాల్నీ కలిపే గ్వాంగ్‌ఫో లైన్ 2010లో మొదలైంది. చైనాలో ఒక నగరం నుంచి ఇంకో నగరానికి వేసిన మొదటి మెట్రో లైన్ అదే. పజౌ నుంచి ఎనిమిదో లైన్లో షాయువాన్ దాకా వెళ్లి అక్కడ మారితే చాలు. గంట దాటి పడుతుంది, కానీ ఆ టైములో కొటేషన్లన్నీ కూర్చుని సరిచూసుకున్నాను. అక్కడ షోరూములు దూరదూరంగా ఉంటాయి కాబట్టి దిగాక మన ఓలా, ఊబర్ లాంటి దీదీ యాప్‌లో కారు బుక్ చేశాను. డ్రైవర్ ముందు అడిగేది మన ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు. అవి చూపిస్తేనే బండి కదులుతుంది. ఆయన చైనీస్‌లో పంపిన మెసేజ్ నాకు యాప్‌లో ఇంగ్లీషులో కనబడుతుంది, బేరం గొడవే లేదు. నేనెక్కిన కార్లన్నీ దాదాపు ఎలక్ట్రిక్‌వే. రోడ్డు పక్కన నడిచేటప్పుడు మాత్రం వెనక కూడా ఒక కన్నేసి ఉంచాలి. ఎలక్ట్రిక్ స్కూటర్లు చప్పుడు లేకుండా ఫుట్‌పాత్ మీదే వచ్చేస్తాయి.

ఒక సాయంత్రం పని త్వరగా అయితే హువాంగ్‌షా దగ్గర పెర్ల్ నది దాటడానికి ఫెర్రీ ఎక్కాను. అవతలి ఒడ్డు ఫాంగ్‌ట్సున్. నిమిషాల ప్రయాణమే, చాలా చవక. కూరగాయల సంచులతో ఆడవాళ్లు, స్కూలు యూనిఫాంలో పిల్లలు, పని దిగి ఇళ్లకెళ్లేవాళ్లు. 600 మీటర్ల క్యాంటన్ టవర్ చూడ్డానికి టూరిస్టులు ఎగబడతారు గానీ, ఆ ఊరివాళ్ల మధ్య కూర్చున్నట్టు నాకు అనిపించింది ఈ పడవలోనే.

నాకు బాధ కలిగించిన విషయం ఒకటుంది. అన్నీ ఫోన్‌తోనే. ఫెయిర్ దగ్గర గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కలిశారు. చేతిలో యువాన్ నోట్లున్నాయి, ట్యాక్సీ పిలవడం మాత్రం తెలియట్లేదు. “బాబూ, అరగంట నుంచి చెయ్యి ఊపుతున్నా, ఒక్కడూ ఆపట్లేదయ్యా” అన్నారు. వచ్చే కార్లన్నీ యాప్‌లో బుక్ అయినవే. నా ఫోన్‌లో బుక్ చేసి ఎక్కించాను. ఇన్ని ఏర్పాట్లు చేసిన ఊరు, స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవాళ్ల కోసం ఇంకాస్త ఆలోచించి ఉండాల్సింది.

అందుకని వెళ్లేవాళ్లు ఇక్కడ ఉండగానే ఫోన్‌లో అలీపే అనే చైనా పేమెంట్ యాప్ పెట్టుకుని, పాస్‌పోర్టుతో వెరిఫై చేయించుకుని, వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ కలుపుకోండి. ఓటీపీ మన ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి రోమింగ్ ఉండాలి. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే వాట్సాప్, గూగుల్ కూడా పనిచేస్తాయి. అయితే గూగుల్ మ్యాప్‌ని నమ్ముకోవద్దు. చైనా మ్యాపుల లెక్క వేరు కావడంతో మనం ఉన్న చోటు పక్క వీధిలో చూపిస్తుంది. దారికి ఆమాప్ అనే చైనా మ్యాప్ యాప్ వాడండి. హోటల్ పేరు, అడ్రస్ చైనీస్‌లో ఉన్న కార్డు రిసెప్షన్‌లో అడిగి తీసుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయిన రాత్రి దాన్ని చూపిస్తే ఎవరైనా దారి చెబుతారు.