బంగారు జింక కార్టూన్: వెతుకులాట చిట్టా

చిన్నప్పుడు చూసిన ఒక కార్టూన్ సినిమా ఏదో కనిపెట్టమని ఒకరు అడిగారు. చేతికి వచ్చిన వివరాలు ఇవీ. అడవిలో బంగారు రంగు జింక. గిట్ట నేలకు తగిలితే నాణెం రాలుతుంది. తలపాగా చుట్టిన రాజు, ఒక పేద కుర్రాడు. చివర్లో రాజు నాణేల కింద కూరుకుపోతాడు, నాణేలన్నీ కుండపెంకులైపోతాయి. చూసింది 1980ల మొదట్లో, బడి హాల్లో, ప్రొజెక్టర్ చప్పుడు మధ్య. మధ్యలో రెండుసార్లు లైట్లు వేశారు. ఏ భాషలో మాట్లాడారో గుర్తులేదు. చివర ఒక ఊహ: "మనవాళ్లు తీసిన జాతక కథే (బుద్ధుడి పూర్వజన్మల కథ) అయ్యుంటుంది."

ఇలాంటి వెతుకులాటలు ఆ ఊహ దగ్గరే దారి తప్పుతాయి. కథ ఎక్కడ జరుగుతుందో సినిమా అక్కడే తయారైందనుకుంటాం. మన అడవీ మన రాజూ కనిపించే యానిమేషన్‌లో చాలా భాగం బయట తయారైందే. రిక్కీ టిక్కీ టావీని 1965లో సోవియట్ వాళ్లు తీశారు, 1975లో అమెరికాలో చక్ జోన్స్ తీశాడు. మోగ్లీ కథ 1967-71 మధ్య మాస్కోలో అయిదు భాగాలుగా వచ్చింది. దూరదర్శన్‌లో 1993లో మనం చూసిన 52 భాగాల జంగిల్ బుక్ జపాన్‌ది. 1992 నాటి యానిమేషన్ రామాయణం వెనుక ఉన్నదీ జపాన్ దర్శకుడు యూగో సాకోనే, మనవైపు నుంచి రామ్ మోహన్. అందుకే చిట్టాలో "ఏ దేశం" అన్న గడి మొదట్లో ఖాళీగానే ఉంచాం.

జ్ఞాపకాన్ని విడగొట్టడం

కాగితం మీద మూడు గళ్లు గీయాలి: చూసింది, విన్నది, అనుకున్నది. "జాతక కథ" మూడో గడిలోకి. "గిట్ట తగిలితే నాణెం" మొదటి గడిలోకి. మొదటి గడిలోనూ అన్నీ ఒకే బరువు కావు. ఒక పని వల్ల ఇంకోటి జరగడం (గిట్ట, నాణెం, కూరుకుపోవడం, పెంకులు) గట్టి ఆనవాలు. అలాంటివి ఏళ్లు గడిచినా పెద్దగా చెదరవు. రంగులు, బట్టలు, మొహాలు బలహీనం. రంగు సంగతికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కాలపు ఈస్ట్‌మన్ రంగు ప్రింట్లలో నీలి రంగు ముందుగా వెలిసిపోయి బొమ్మంతా గులాబీ ఎరుపులోకి దిగిపోతుంది. పాత ప్రింటు మీద అడవి కూడా సాయంత్రంలా కనిపిస్తుంది. "ఆకాశం ఎర్రగా ఉండేది" అని ఎవరైనా అంటే దాన్ని దృశ్యంగా రాసుకోకూడదు, ప్రింటు వయసుగా రాసుకోవాలి. ఇంట్లో టీవీలో చూశామనేవాళ్లను మరో మాట అడగాలి: అది రంగుల సెట్టా? దూరదర్శన్‌కు రంగులు వచ్చిందే 1982లో. ఆ తర్వాతా చాలా ఇళ్లలో నలుపు తెలుపు సెట్లే నడిచాయి. అలాంటి సెట్టులో చూసినవారికి "బంగారు రంగు" గుర్తుందంటే అది తర్వాత మనసు పూసిన రంగు.

అడిగే తీరు కూడా ముఖ్యం. "రాజుకు గడ్డం ఉందా?" అని అడిగితే మర్నాటికి రాజుకు గడ్డం మొలుస్తుంది. "రాజు ఎలా ఉంటాడు?" అని వదిలేయాలి. జవాబును వాళ్ల మాటల్లోనే, తేదీ వేసి రాసుకోవాలి. తర్వాత వాళ్లు మార్చి చెప్పినా మొదటి జవాబు కొట్టేయకూడదు.

రీళ్ల లెక్క

ఈ కేసులో అందరూ పట్టించుకోకుండా వదిలేసే వివరం లైట్లు. బడుల్లో వేసింది 16 మి.మీ. ఫిల్ము, ఒకే ప్రొజెక్టర్. రీలు అయిపోతే మార్చేదాకా లైట్లు వేయక తప్పదు. రెండుసార్లు వేశారంటే మూడు రీళ్లు. మాటలున్న 16 మి.మీ. ఫిల్ము నిమిషానికి 36 అడుగులు నడుస్తుంది. 400 అడుగుల రీలు 11 నిమిషాలు, 800 అడుగులది 22, 1600 అడుగులది 44.

అంటే మూడు చిన్న రీళ్లయితే 22 నుంచి 33 నిమిషాల సినిమా. 800 అడుగులవైతే 45 నుంచి 66. ఈ రెంటిలో ఏదో తేల్చడానికి ఇంకో ప్రశ్న: ఒక పీరియడ్‌లో అయిపోయిందా, ఇంటికి పోయే బెల్లు దాటిందా? ఒక పీరియడే అని జవాబు వచ్చింది. మొత్తం నిడివి అరగంట అటూ ఇటూ అని గడి నింపాం. దీంతో పూర్తి నిడివి సినిమాలన్నీ ఒక్క దెబ్బకు పక్కకు పోయాయి. ఫిల్ము తెగి లైట్లు వేయడమూ ఉంటుంది కాబట్టి దీన్ని సాక్ష్యం అనలేం, వడపోతకు మాత్రం సరిపోతుంది.

కొట్టేసినవి, ఎందుకు

ద బన్యన్ డీర్, 1957, ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్. డిస్నీ నుంచి వచ్చిన క్లెయిర్ వీక్స్ మనవాళ్లకు శిక్షణ ఇస్తూ తీయించినది. బంగారు జింకా రాజూ ఉన్నారు, బడుల్లో సినిమాలు వేసిన సంస్థ చిత్రం కూడా. అయినా కథ వేరు: అక్కడ జింకరాజు గర్భిణి జింకకు బదులు తానే బలికి సిద్ధపడతాడు, రాజు మనసు మారుతుంది. నాణేల ఊసే లేదు.

పైన చెప్పిన 1992 రామాయణంలో బంగారు జింకగా వచ్చే మారీచుడు: నిడివి కుదరదు, సంవత్సరమూ కుదరదు.

డిస్నీ 1935 ద గోల్డెన్ టచ్: ముట్టిందల్లా బంగారమయ్యే మైడాస్ కథ. జింక లేదు, కుర్రాడు లేడు.

చాలాసేపు నిలిచింది షాంఘై యానిమేషన్ స్టూడియో 1981లో తీసిన తొమ్మిది రంగుల జింక. చైనాలోని దున్హువాంగ్‌లో మొగావ్ 257వ గుహ కుడ్యచిత్రం దానికి ఆధారం, ఆ చిత్రానికి మూలం మన రురు జాతకం. నిడివి పాతిక నిమిషాలకు దగ్గర. జింక, రాజు, దురాశ, శిక్ష అన్నీ ఉన్నాయి. అంతా ఉన్నట్టే అనిపించే ఇలాంటి అభ్యర్థి దగ్గరే జాగ్రత్త కావాలి. పోలికలు లెక్కపెట్టడం మానేసి గట్టి ఆనవాళ్లు రెండూ ఉన్నాయా అని మాత్రమే చూడాలి. గిట్టల నుంచి నాణేలు? లేవు. పెంకులు? లేవు. అందులో ద్రోహం చేసేది జింక నీళ్లలోంచి కాపాడిన మనిషి, చివర్లో వాడు మునిగిపోతాడు. కొట్టేశాం. 1981 చైనా చిత్రం 80ల మొదట్లోనే ఇక్కడి బడికి చేరడం కూడా తొందరపాటు ఊహే.

గీత, కదలిక

అప్పుడు అడగాల్సింది కథ గురించి కాదు, కదలిక గురించి. మనుషులు నిజం మనుషుల్లా నడిచారా, ఒక్క నోరే ఆడుతూ ఒళ్లు బిగుసుకుని ఉందా? జింక పరిగెత్తేటప్పుడు వెనుక అడవి బొమ్మ నీటిరంగుల్లా మెత్తగా ఉందా, అచ్చు బొమ్మలా గీతలు గట్టిగా ఉన్నాయా?

వీటితో కాలమూ దేశమూ చాలావరకు తెలుస్తాయి. సెకనుకు 24 ఫ్రేములు. పూర్తి యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను ఒకటి లేదా రెండు ఫ్రేములు ఉంచుతారు, అంటే సెకనుకు 24 నుంచి 12 బొమ్మలు. జపాన్ టీవీ సీరియళ్లలో మూడేసి ఫ్రేములు మామూలు, సెకనుకు ఎనిమిదే. 1950ల సోవియట్ చిత్రాల్లో నటులను ముందు కెమెరాతో తీసి, ఆ ఫ్రేముల మీద గీసేవారు. అందుకే మనుషుల నడకలో బరువు కనిపిస్తుంది, బట్ట ముడతలు కూడా కదులుతాయి. వీడియో దొరికినప్పుడు చూసే పద్ధతి: వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇంగ్లీషు ఇ (E) అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది. బొమ్మ ఎన్ని నొక్కులకు మారుతోందో లెక్కపెట్టాలి. యూట్యూబ్‌లో 30 ఫ్రేములకు మార్చి పెట్టిన కాపీల్లో ఈ లెక్క తప్పుతుంది, ఒకే ఫ్రేము రెండుసార్లు వస్తుంది.

"రాజు చేతులు నిజం మనిషివిలా ఉండేవి, భయం వేసేది" అన్నది జవాబు. దేశం గడిలో మొదటిసారి పెన్సిలుతో రాశాం: సోవియట్, 1950లు. బడిలో ఈ సినిమా చూసిన 1980ల మొదలు, మనదేశంలో సోవియట్ సాంస్కృతిక కేంద్రాలు సినిమాలు ప్రదర్శించిన కాలం. మాస్కో ప్రచురణ సంస్థలు రాదుగ, ప్రగతి వేసిన పుస్తకాలు తెలుగులో విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన కాలం కూడా. ఇక్కడ ఒక మెలిక: ఆ బొమ్మల పుస్తకాలు చదివి పెరిగినవారి జ్ఞాపకంలో పుస్తకం బొమ్మ సినిమాలోకి దూరిపోతుంది. కదిలినట్టు గుర్తున్నదే సినిమా ఖాతాలో వేయాలి.

అదే దేశం నుంచి ఒక అభ్యర్థి వెంటనే ఎదురైంది: ఇవానొవ్-వానొ 1947లో తీసిన గూని గుర్రం. మాయ జంతువు, పేద కుర్రాడు, అత్యాశ రాజు. కానీ అందులో రాజు కాగే కొప్పెరలో పోతాడు, నాణేల కింద కాదు.

వెతికే పని

తెలుగులో "బంగారు జింక కథ" అని కొడితే ఈమధ్య తయారైన నీతికథల వీడియోలు కుప్పలుగా పడతాయి. గూగుల్‌లో తేదీ పరిధిని 2012కు ముందుకు కుదిస్తే చాలా చెత్త పోతుంది. ఇంగ్లీషులో డీర్ ఒక్కటే సరిపోదు, యాంటిలోప్, గజెల్ అని కూడా మార్చి చూడాలి. సినిమాల వివరాలుండే ఐఎండీబీ సైటు అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో యానిమేషన్, దేశం, 1950 నుంచి 1980, నిడివి 20 నుంచి 40 నిమిషాలు పెట్టుకోవచ్చు. పొట్టి చిత్రాల వివరాలు అక్కడ అరకొరగా ఉంటాయి కాబట్టి దొరకలేదంటే లేదని కాదు.

అసలు మార్గం ఆ దేశం భాషలో అడగడం. గట్టి ఆనవాళ్లు రెండూ, రాజా, గిట్టలు, బంగారం, పెంకులు, రష్యన్‌లోకి మార్చి పక్కన ముల్త్‌ఫిల్మ్ (రష్యన్‌లో కార్టూన్ సినిమా) అన్న మాట చేర్చాలి. మొత్తం కథను వాక్యాలుగా అనువదించి పెడితే పని చేయదు, అయిదారు నామవాచకాలు చాలు. యానిమేటర్.రూ అనే రష్యన్ యానిమేషన్ పట్టికలో సంవత్సరం, స్టూడియో, దర్శకుడు, చిత్రకారులు వరుసగా ఉంటారు.

మొదటి పుటలోనే వచ్చింది: జొలొతాయా అంతిలోపా, బంగారు జింక. సోయుజ్‌ముల్త్‌ఫిల్మ్, 1954. దర్శకుడు లెవ్ అతమానొవ్, చిత్రకారుల్లో లియొనీద్ ష్వార్త్స్‌మన్. నిడివి సుమారు అరగంట. భారతీయ జానపద కథల ఆధారంగా అల్లుకున్నది. 1955 కాన్ చిత్రోత్సవంలో ప్రత్యేక ప్రస్తావన పొందింది. అతమానొవ్ మూడేళ్ల తర్వాత మంచు రాణి తీశాడు, ష్వార్త్స్‌మన్ పేరుమోసిన సోవియట్ కార్టూన్ పాత్ర చెబురాష్కాకు రూపం ఇచ్చాడు. అంటే అడిగినవారికి బాల్యంలో తగిలింది ఆ స్టూడియో మేటి బృందమే.

రూఢి చేసుకోవడం

పేరు దొరకగానే లింకు పంపేయడం ఈ అభిరుచిలో అందరికీ ఉన్న చెడ్డ అలవాటు. సినిమా చూశాక మనిషి "అవును, అన్నీ గుర్తొచ్చాయి" అంటాడు. ఆ మాటకు విలువ లేదు. ముందు, చెప్పకుండా మిగిలిన చిన్న విషయాలు రెండో మూడో రాయించాలి. తర్వాత మూడు వేరువేరు సినిమాల నుంచి రెండేసి ఫ్రేములు, పేర్లు లేకుండా కలిపి పంపాలి. ఇక్కడ మూడు సినిమాలు: బంగారు జింక, తొమ్మిది రంగుల జింక, గూని గుర్రం. శీర్షిక కనిపించే ఫ్రేము గానీ చివరి దృశ్యం గానీ అందులో ఉండకూడదు.

సరైన రెండు ఫ్రేములనే వేరు చేసి పంపారు. రాయించిన వాటిలో "చాలు అన్నాక అంతా పాడైంది" అని ఉంది. సినిమాలో నిబంధన సరిగ్గా అదే: రాజు "చాలు" అన్న క్షణాన బంగారం పెంకులవుతుంది. మొదటి వివరాల్లో ఇది లేదు, మేము అడగనూ లేదు. "దేశం" గడిలో పెన్సిలు చెరిపి పెన్నుతో రాశాం.

నిడివి సరిపోల్చేటప్పుడు ఒక చిన్న లెక్క. 24 ఫ్రేముల సినిమాను పాల్ (PAL, సెకనుకు 25 ఫ్రేముల టీవీ పద్ధతి) వీడియోకు ఎక్కిస్తే 25కు పరుగెడుతుంది. 31 నిమిషాల చిత్రం 29 నిమిషాల 46 సెకన్లకు వస్తుంది, గొంతులూ కాస్త సన్నబడతాయి. రెండు కాపీలకు నాలుగు శాతం తేడా ఉంటే కోత పడిందని కంగారుపడక్కర్లేదు. అంతకు మించితేనే ఏ దృశ్యం పోయిందో చూడాలి.

కేబుల్ కాలం జ్ఞాపకాలైతే

అప్పుడు రీళ్ల లెక్క ఉండదు, చానెల్ తేదీలే ఆధారం. కార్టూన్ నెట్‌వర్క్ మనకు వచ్చింది 1995లో, ఇంగ్లీషులో. తెలుగు పిల్లల చానెల్ ఖుషీ టీవీ 2009లో. "తొంభైల్లో తెలుగులో రోజంతా కార్టూన్లు చూశా" అంటే సంవత్సరమో భాషో ఒకటి జారినట్టే. తెలుగు గొంతు విన్నంత మాత్రాన తెలుగు చిత్రం కాదు. అసలు తెలుగులోనే తీసిన యానిమేషన్ సినిమా కిట్టు 2006 నాటిది, జాతీయ అవార్డు అందుకుంది. అంతకు ముందు కాలం జ్ఞాపకంలో పూర్తి నిడివి "తెలుగు" యానిమేషన్ సినిమా కనిపిస్తే ముందు డబ్బింగ్ అనుకునే వెతకాలి.

ఇక మిగిలింది

బడిలో వేసిన ప్రింటు ఏ భాషది అన్నది. అడిగినవారి తరగతి వాళ్లలో మరో ఇద్దరు దొరికారు. వాళ్లకు సినిమా పేరు ఇంకా చెప్పలేదు, మూడు గళ్ల కాగితం మాత్రం పంపాం. ఇద్దరినీ విడివిడిగా నింపమన్నాం. పాత్రలు ఒక్కొక్కటి ఒక్కో గొంతుతో మాట్లాడాయా, మొదటినుంచి చివరిదాకా ఒకే మనిషి చదివాడా అన్నది కాగితంలో ఉన్న ప్రశ్న. ఒకే గొంతు అయితే ప్రింటు మీద డబ్బింగ్ లేనట్టు, హాల్లో ఎవరో మైకులో కథ చెప్పినట్టు కూడా కావచ్చు కాబట్టి ఆ గొంతు తెర వైపు నుంచి వచ్చిందా, వెనుక నుంచి వచ్చిందా అని కింద ఇంకో గడి చేర్చాం.