300 ఎంబీపీఎస్ ఉన్నా స్పీకర్‌లో పాట ఎందుకు ఆగుతుంది?

హాల్లో వైఫై స్పీకర్ బాగానే పాడుతుంది. వంటింట్లోది మాత్రం చరణం మధ్యలో మూగబోయి, ఇరవై సెకన్ల తర్వాత మళ్లీ అందుకుంటుంది. ఇలా అవగానే చాలామంది ఇంటర్నెట్ ప్లాన్ పెంచేస్తారు. దండగ ఖర్చు. స్పాటిఫైలో 'వెరీ హై' పెట్టుకున్నా పాటకి పట్టేది సుమారు 320 కేబీపీఎస్, అంటే 1 ఎంబీపీఎస్‌లో మూడో వంతు. అంతకంటే ఎంతో నాణ్యమైన 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ స్టీరియో పాటని ఏమాత్రం కుదించకుండా పంపినా పట్టేది సుమారు 9.2 ఎంబీపీఎస్. 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌కి కూడా ఇది లెక్కలోది కాదు. తేడా వేగంలో లేదు, దారిలో ఉంది. ఆ దారిలో మూడు మజిలీలు: ఫోన్ నుంచి స్పీకర్‌కి, స్పీకర్ నుంచి రూటర్‌కి, రూటర్ నుంచి బయటికి. ఏది తెగుతోందో తెలియకుండా స్పీకర్‌ని రీసెట్ చేస్తూ కూర్చుంటే ఆదివారం అయిపోతుంది గానీ పని కాదు.

ముందు ఒక చిన్న పరీక్ష. పాట మొదలయ్యాక ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ రెండూ ఆపేయండి. పాట ఆగలేదంటే స్పీకర్ తనంతట తానే నెట్ నుంచి పాటని లాక్కుంటోంది, ఫోన్ ఒట్టి రిమోట్. గూగుల్ కాస్ట్, స్పాటిఫై కనెక్ట్ చేసేది ఇదే. వెంటనే ఆగిపోతే పాట ఫోన్ మీదుగా వెళ్తోంది. బ్లూటూత్ ఎప్పుడూ అంతే, ఎయిర్‌ప్లే కూడా చాలాసార్లు అంతే. అలాంటప్పుడు ఫోన్ ఉన్న గదిలో సిగ్నల్ కూడా చూడాలి.

స్పీకర్ అసలు యాప్‌లోనే కనిపించడం లేదనుకోండి, అది వేరే జబ్బు. ఫోన్ మొబైల్ డేటా మీద ఉందేమో, వీపీఎన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, ప్రైవసీలో 'లోకల్ నెట్‌వర్క్' అనుమతి ఆ యాప్‌కి ఇచ్చారో లేదో చూడాలి. ఐఓఎస్ 14 నుంచి ఇది తప్పనిసరి. మొదట్లో వచ్చిన ప్రశ్నకి ఎవరో 'వద్దు' నొక్కేసి ఉంటారు. స్పీకర్‌ని గెస్ట్ నెట్‌వర్క్‌లో (చుట్టాల కోసం రూటర్ ఇచ్చే విడి వైఫైలో) పెట్టినా ఇంతే, అందులోని పరికరాలు ఒకదానికొకటి కనపడకుండా రూటరే అడ్డుకుంటుంది.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది మాత్రం రెండు రూటర్ల గొడవ. ఫైబర్ వాళ్లు పెట్టిన ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్ తీగ వచ్చి కలిసేది) సొంతంగా ఒక వైఫై ఇస్తుంది. దాని వెనక మనం కొన్న రూటర్ ఇంకోటి ఇస్తుంది. ఫోన్ ఒకదానికి, స్పీకర్ రెండోదానికి అతుక్కుంటాయి. రెండింటి ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే నంబర్లు) చూడండి: ఒకటి 192.168.1 తోనూ ఇంకోటి 192.168.0 తోనూ మొదలైతే దొరికినట్టే. యాప్‌లు స్పీకర్‌ని వెతికే పిలుపు (సాధారణంగా ఎండీఎన్ఎస్, యూడీపీ పోర్ట్ 5353) ఒక నెట్‌వర్క్ గడప దాటి రెండోదానిలోకి వెళ్లదు. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది రూటర్ పని మానేసి నెట్‌ని నేరుగా మీ రూటర్‌కి అందించేలా, పెట్టమని కస్టమర్ కేర్‌ని అడగండి. కుదరదంటే మీ రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (ఒట్టి వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చి, ఓఎన్‌టీ వైఫై ఆపేయండి. రూటర్ ఆన్ చేయగానే స్పీకర్ కనిపించి, కాసేపటికి మాయమవుతుంటే రూటర్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (ఇలాంటి పిలుపులు ఎవరెవరికి చేరాలో చూసేది) సెట్టింగ్‌ని మార్చి చూడండి. ఆన్‌లో ఉంటే ఆఫ్, ఆఫ్‌లో ఉంటే ఆన్. కొన్ని రూటర్ల సాఫ్ట్‌వేర్‌లో అది సరిగా పనిచేయదు.

ఇక అసలు కథ: స్పీకర్ కనిపిస్తుంది, పాట మొదలవుతుంది, మధ్యలో తెగుతుంది. కూకట్‌పల్లిలోనో మణికొండలోనో ఐదో అంతస్తులో వైఫై అనలైజర్ యాప్ తెరిస్తే ఇరుగుపొరుగు నెట్‌వర్క్‌లు ముప్ఫై దాకా కనపడటం వింతేం కాదు. వైఫై ఎక్కువగా నడిచే బ్యాండ్లు రెండు, 2.4, 5 గిగాహెర్ట్జ్. అందరూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే కిక్కిరిసి ఉంటారు. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. రూటర్‌లో 'ఆటో' తీసేసి, ఈ మూడింటిలో బలమైన సిగ్నళ్లు తక్కువున్న దాన్ని ఎంచుకోండి. ఖాళీగా కనిపించిందని 3 కో 8 కో వెళ్తే రెండు పక్కలవాళ్ల రొదా మీకే. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 40 పెడితే అంకెల్లో వేగం పెరుగుతుంది, పాటకి ఒరిగేదేమీ లేదు.

తర్వాత ఫోన్‌ని స్పీకర్ పక్కన ఉంచి అదే యాప్‌లో సిగ్నల్ అంకె చూడండి. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 డీబీఎం అయితే బ్రహ్మాండం, మైనస్ 67 వరకూ ఢోకా లేదు, మైనస్ 75 కంటే దిగజారితే తెగడం ఖాయం. మన ఇళ్లలో రూటర్ ఉండేది ఎక్కడ? మెయిన్ డోర్ పక్కన, షూ రాక్ మీద, కరెంటు డీబీ పెట్టెకి ఆనుకుని. అక్కణ్నుంచి వంటింటికి రెండు గోడలు, ఒక ఇనప బీరువా, ఫ్రిజ్. రూటర్‌ని హాలు మధ్యకి, తల ఎత్తులోకి మార్చితే కొత్తది కొనే పని చాలాసార్లు తప్పుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. పాలు వేడిచేసినప్పుడే పాట ఆగుతుంటే స్పీకర్‌ని ఒకటి రెండు మీటర్లు జరపండి, లేదా దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. రూటర్‌కి యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే అదీ 2.4లో రొద పుట్టిస్తుంది. తీసి చూడండి.

5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువే కానీ గోడలు దాటడం కష్టం. ఇంకో మెలిక కూడా ఉంది: 52 నుంచి 144 వరకూ ఉన్న చానళ్లు రాడార్‌తో పంచుకునేవి. రాడార్ అనిపించగానే రూటర్ వేరే చానల్‌కి దూకాలి. కొత్తది కూడా అలాంటిదే అయితే కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి విన్నాకే మాట్లాడాలి. ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ మీదున్నవన్నీ ఒక్కసారిగా నిమిషంసేపు మాయమై వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. 36 నుంచి 48 లోపు, లేదా 149 నుంచి 161 లోపు చానల్ ఒకటి ఖాయం చేయండి.

రెండు గోడల అవతలి గదికి రేంజ్ ఎక్స్‌టెండర్ (వైఫైని అందుకుని ముందుకి పంపే పెట్టె) కొనేవాళ్లకి ఒక మాట. ఒకే రేడియోతో వినడం, తిరిగి పంపడం రెండూ చేసే చవక రకం వేగాన్ని సగం చేస్తుంది, ఆలస్యాన్ని పెంచుతుంది. నా ఓటు లాన్ కేబుల్ లాగి చివర ఒక యాక్సెస్ పాయింట్ పెట్టడానికే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో కోఠి గుజరాతీ గల్లీలోనో క్యాట్ 6 కేబుల్ దొరుకుతుంది. అడిగేటప్పుడు 'ప్యూర్ కాపర్' అని గట్టిగా అడగండి. సీసీఏ అని ఉన్నది వద్దు, అది అల్యూమినియం మీద రాగి పూత, వంచితే విరుగుతుంది.

కరెంటు పోయి వచ్చాకే స్పీకర్ తప్పిపోతుంటే కారణం సులువు. స్పీకర్ అరనిమిషంలో లేస్తుంది, ఓఎన్‌టీ, రూటర్ నిలదొక్కుకునేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా స్పీకర్ వెతికి వెతికి ఊరుకుంటుంది. రూటర్‌కీ ఓఎన్‌టీకీ మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ పెట్టె) పెడితే ఈ బాధ ఉండదు. కొనేముందు వాటి అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి. ఎక్కువగా 12 వోల్టులే ఉంటాయి గానీ 9 వోల్టులవీ ఉన్నాయి. రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే సెట్టింగ్‌తో ప్రతి స్పీకర్‌కీ మారని ఐపీ అడ్రస్ ఒకటి ఖాయం చేసేయండి.

సరిగ్గా ఒకే వేళకి, చెప్పాపెట్టకుండా పాట ఆగుతుంటే వైఫైని తిట్టేముందు ఇంట్లోవాళ్లని అడగండి. ఒకే అకౌంట్‌తో అమ్మాయి కాలేజీ బస్సులో పాట పెడితే ఇక్కడిది ఆగుతుంది. రూటర్ మార్చాక పాత స్పీకర్ కలవకపోతే వైఫై సెక్యూరిటీ సెట్టింగ్‌లో కొత్త రకమైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉందేమో చూసి, డబ్ల్యూపీఏ2తో కలిపి ఉన్న మోడ్ పెట్టండి.

ఇవేవీ కాకపోతే కంప్యూటర్‌ని లాన్ కేబుల్‌తో రూటర్‌కి కలిపి, రూటర్ అడ్రస్‌కి వందసార్లు, 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్‌కి) వందసార్లు పింగ్ కొట్టండి, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తోందో లేదో చూసే కమాండ్ వాడండి. మొదటిది శుభ్రంగా ఉండి రెండోదానిలో ప్యాకెట్లు పోతుంటే తేడా బయట ఉంది. ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) దీపం ఎర్రగా వెలిగితే పింగ్ కూడా అక్కర్లేదు, ఫైబర్ తెగింది. 2025 ఆగస్టులో నగరంలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు చాలా ఇళ్లలో వెలిగింది ఆ దీపమే. కంప్లయింట్ పెట్టేటప్పుడు 'నెట్ స్లో' అనకండి, స్పీడ్ టెస్ట్ చేయమని చెప్పి టికెట్ మూసేస్తారు. వందలో ఎన్ని ప్యాకెట్లు పోయాయో, ఏ టైముకో చెప్పి స్క్రీన్‌షాట్ పంపండి.