కూడే ముందు చేయాల్సిన పని: కన్సాలిడేషన్ నాకు ఎలా పట్టుబడింది

సీఏ ఫైనల్ గ్రూప్ 1 మొదటిసారి రాసినప్పుడు ఫైనాన్షియల్ రిపోర్టింగ్‌లో నాకు 36 వచ్చాయి. పేపరుకు 40 ఉండాలి, గ్రూపు మొత్తానికి 50 శాతం ఉండాలి. మిగతా రెండు పేపర్లు బాగానే వచ్చినా నాలుగు మార్కుల దగ్గర గ్రూపు పోయింది. రెండో అటెంప్ట్‌లో అదే పేపరుకు 63 వచ్చాయి. ఈ మధ్యలో నేను నిజంగా మార్చుకున్నది ఒక్కటే, కన్సాలిడేషన్ (ఒక గ్రూపులోని కంపెనీల లెక్కలన్నీ కలిపి ఒకే లెక్కగా చూపడం) చదివే పద్ధతి. టైమ్ టేబుల్, రివిజన్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను దీని గురించే రాస్తాను.

మాది గుంటూరు. ఆర్టికల్‌షిప్ (సీఏ చదువులో భాగమైన ఆఫీసు శిక్షణ) విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ఆఫీసులో చేశాను. రోజూ రైల్లో వెళ్లి రావడమే. అక్కడ మేము చూసిన క్లయింట్లలో ఒక గ్రూపు ఉండేది. మిర్చి వ్యాపారం చేసే హోల్డింగ్ కంపెనీ, దాని కింద ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ, కారం ప్యాకింగ్ యూనిట్, దుబాయ్‌లో అమ్మకాలు చూసే ఇంకో సబ్సిడరీ (అంటే హోల్డింగ్ కంపెనీ అదుపులో ఉన్న కంపెనీ). ఇక్కడ అంకెలు మార్చి రాస్తున్నాను.

ఏప్రిల్ చివర్లో నాలుగు ట్రయల్ బ్యాలెన్సులు (ఖాతాల నిల్వల జాబితాలు) నా మెయిల్‌కు వచ్చాయి. ఒకటి రూపాయల్లో, ఒకటి లక్షల్లో, దుబాయ్‌ది వేల దిర్హమ్‌లలో. ఖాతాల పేర్లు ఒకదానితో ఒకటి కలవవు. నేను వెంటనే ఎక్సెల్‌లో నాలుగు కాలమ్‌లు వేసి కూడటం మొదలుపెట్టాను. మా సీనియర్ అక్క చూసి, "కూడటం పది నిమిషాల పని తమ్ముడూ. ముందు ఒక్కో కంపెనీ లెక్కను మన హోల్డింగ్ కంపెనీ రాసినట్టు తిరగరాయి, అప్పుడు కూడు" అంది. ఆ మాట నాకు మొదటి అటెంప్ట్ పోయాక గానీ పూర్తిగా అర్థం కాలేదు. పరీక్ష ప్రశ్నలో ఆ తిరగరాసే పనంతా చివర "అదనపు సమాచారం" అనే పేరుతో ఉంటుంది. నేను ముందు గుడ్‌విల్ (కొన్న కంపెనీ నికర ఆస్తుల విలువకు మించి కట్టిన మొత్తం), ఎన్‌సీఐ (సబ్సిడరీలో బయటివాళ్లకున్న వాటా) లెక్కలు వేసేసి, ఆ సమాచారాన్ని ఆఖర్లో సర్దేవాణ్ణి. లాభం మారితే వేసిన వర్కింగ్ నోట్లన్నీ మారతాయి. సమయం అక్కడే పోయేది.

తిరగరాయడం అంటే ఏమిటో హమాలీ ఉదాహరణతో చెబుతాను. మిర్చి యార్డు నుంచి సరుకు గోడౌన్‌కు చేర్చిన హమాలీ, లారీ కిరాయి హోల్డింగ్ కంపెనీ సరుకు ఖరీదులో కలిపేది. ప్యాకింగ్ యూనిట్ మాత్రం అదే హమాలీని నేరుగా ఖర్చు రాసేది. పైగా కోల్డ్ స్టోరేజీకి కట్టిన అద్దెను స్టాక్ విలువలో కలిపేది. స్టాక్ విలువకు సంబంధించిన అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 2 ప్రకారం సరుకును ఇప్పుడున్న చోటికి, స్థితికి తెచ్చిన ఖర్చు స్టాక్ విలువలోకి వస్తుంది. నిల్వ ఖర్చు రాదు, తయారీలో తర్వాతి దశకు ముందు ఆ నిల్వ తప్పనిసరి అయితే తప్ప. అంటే ఒకే యూనిట్‌లో ఒక తప్పు స్టాక్‌ను తగ్గించింది, ఇంకోటి పెంచింది. రెండూ సరిచేశాకే ఆ యూనిట్ లాభం ఎంతో తెలుస్తుంది, ఆ లాభంలోంచే ఎన్‌సీఐ వాటా తీయాలి. పైగా ఆ అద్దె తీసుకున్నది మన గ్రూపులోని కోల్డ్ స్టోరేజీయే కాబట్టి, ఆ ఆదాయాన్నీ ఈ ఖర్చునూ ఎదురెదురుగా కొట్టేయాలి.

అయితే తేడా కనిపించిన ప్రతిచోటా ఏకం చేయకూడదు. నేను చాలాకాలం చేసిన తప్పు ఇది. హోల్డింగ్ కంపెనీ ఎస్ఎల్ఎం (ఏటా ఒకే మొత్తం తరుగుదల), సబ్సిడరీ డబ్ల్యూడీవీ (మిగిలిన విలువ మీద తరుగుదల) అని ప్రశ్నలో కనిపించగానే తరుగుదల మళ్లీ లెక్కకట్టేవాణ్ణి. ఇండ్ ఏఎస్‌లో తరుగుదల పద్ధతి అకౌంటింగ్ పాలసీ కాదు, ఎస్టిమేట్. ఆ మిషన్ వాడకం తీరుకు ఆ పద్ధతే సరిపోతే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఆస్తిని కొన్న ఖరీదుతో చూపే కాస్ట్ మోడలా, మళ్లీ విలువ కట్టి చూపే రీవాల్యుయేషన్ మోడలా అన్నది మాత్రం పాలసీ, దాన్ని ఏకం చేయాలి. ఎంసీక్యూలకు 30 మార్కులున్న ఇప్పటి స్కీములో ఇలాంటి తేడా ఒక్క క్షణంలో మార్కు ఇస్తుంది, లేదా తీసేస్తుంది.

ఇక తేదీల సంగతి. దుబాయ్ కంపెనీ లెక్కలు డిసెంబరు 31తో ముగుస్తాయి, మనవి మార్చి 31తో. మా ఆఫీసు చూసిన ఆ గ్రూపు నెట్‌వర్త్ 250 కోట్లకు తక్కువ, లిస్టెడ్ కాదు, అందుకని ఇండ్ ఏఎస్ కాకుండా పాత కన్సాలిడేషన్ ప్రమాణం ఏఎస్ 21 కిందే చేశాం. అందులో ఆరు నెలల తేడా వరకు ఒప్పుకుంటారు. అది నా తలలో అలాగే ఉండిపోయి మాక్ టెస్టులో ఇండ్ ఏఎస్ ప్రశ్నకు కూడా ఆరు నెలలే రాశాను. కన్సాలిడేషన్‌కు వర్తించే ఇండ్ ఏఎస్ 110లో మూడు నెలలకు మించకూడదు. అది కూడా, హోల్డింగ్ కంపెనీ తేదీకి లెక్కలు తెప్పించడం సాధ్యం కానప్పుడు మాత్రమే. అప్పుడైనా మధ్యలో జరిగిన ముఖ్యమైన లావాదేవీలను సర్దాలి.

గుంటూరు వాడికి ఈ నియమం ఎందుకుందో చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి, మార్చిలో యార్డు నిండా టిక్కీలే (మిర్చి బస్తాలు). మేము చూసిన గ్రూపులో ఆ నెలల్లోనే దుబాయ్‌కి కంటెయినర్లు వెళ్లేవి. ఇక్కడి పుస్తకాల్లో అమ్మకం ఉంటుంది, అక్కడి డిసెంబరు లెక్కల్లో కొనుగోలే ఉండదు. సర్దకుండా కూడితే లేని లాభం గ్రూపు లెక్కలోకి వచ్చేస్తుంది.

చిన్న ఆఫీసుల్లో ఆర్టికల్‌షిప్ చేస్తున్నవాళ్లు ఈ ఒక్క పని తప్పకుండా చేయండి. ఒక కాగితం మీద ఎడమ వైపు ఏఎస్ 21, కుడి వైపు ఇండ్ ఏఎస్ రాసి తేడాలు పెట్టుకోండి. పాలసీలు ఏకం చేయడం సాధ్యం కాకపోతే ఏఎస్ 21 వెల్లడించి వదిలేయనిస్తుంది, ఇండ్ ఏఎస్ 110 వదలనివ్వదు. ఏఎస్ 21లో మైనారిటీ వాటాకు మించిన నష్టం సాధారణంగా మెజారిటీ మీద పడుతుంది, ఇండ్ ఏఎస్‌లో ఎన్‌సీఐ మైనస్‌లోకి వెళ్లవచ్చు. ఆఫీసులో చేతికి అలవాటైంది పరీక్షలో పెన్ను పట్టుకోగానే ముందుకొస్తుంది, అందుకే ఈ కాగితం కావాలి.

ఇంటర్ కంపెనీ బాకీల దగ్గర ఎక్కువసేపు ఆగండి, మార్కులు అక్కడ చాలా ఉన్నాయి. హోల్డింగ్ కంపెనీ పుస్తకాల్లో సబ్సిడరీ నుంచి రావాల్సింది 18 లక్షలు. సబ్సిడరీ పుస్తకాల్లో ఇవ్వాల్సింది 15 లక్షలు. మార్చి 30న బయల్దేరిన 2 లక్షల సరుకు లారీలో ఉంది. సబ్సిడరీ 31న పంపిన లక్ష రూపాయలు ఇక్కడికి చేరలేదు. సబ్సిడరీ వైపు స్టాక్‌కు, బాకీకి 2 లక్షలు కలపాలి, హోల్డింగ్ వైపు దారిలో ఉన్న నగదుగా లక్ష చూపించి బాకీ తగ్గించాలి. రెండు వైపులా 17 లక్షలు అయ్యాక కొట్టేయాలి. ఇంతవరకు అందరూ చేస్తారు. లారీలో ఉన్న ఆ 2 లక్షల సరుకులో కూడా మన లాభం ఉందని, అది కూడా తీసేయాలని నేను మూడు మాక్ టెస్టుల్లో వరసగా మర్చిపోయాను.

ఆ లాభం తీసేటప్పుడు ఎవరు ఎవరికి అమ్మారో ముందు రాసుకోండి. 80 శాతం వాటా ఉన్న సబ్సిడరీ 40 లక్షల సరుకును హోల్డింగ్ కంపెనీకి 50 లక్షలకు అమ్మింది, సగం మిగిలింది అనుకోండి. తీయాల్సిన లాభం 5 లక్షలు. పన్ను రేటు 25 శాతం అనుకుంటే డెఫర్డ్ ట్యాక్స్ (తర్వాతి కాలానికి వాయిదా పడే పన్ను ప్రభావం) 1.25 లక్షలు, అది కొన్న కంపెనీ రేటుతో కట్టాలి. మిగిలిన 3.75 లక్షల్లో ఎన్‌సీఐ భరించేది 75 వేలు. అదే హోల్డింగ్ కంపెనీ అమ్మి ఉంటే ఎన్‌సీఐకి సంబంధం లేదు.

విదేశీ సబ్సిడరీ విషయంలో వరస ముఖ్యం. పాలసీ సర్దుబాట్లన్నీ దిర్హమ్‌లలోనే ముగించి, ఆ తర్వాత రూపాయల్లోకి మార్చండి. ఆస్తులు, అప్పులు క్లోజింగ్ రేటుకు, ఆదాయ వ్యయాలు లావాదేవీ రోజు రేటుకు లేదా సరిపోయే సగటు రేటుకు. తేడా ఓసీఐలోకి (లాభనష్టాల్లో కలపకుండా విడిగా చూపే ఆదాయంలోకి) వెళ్తుంది. నేను ముందు రూపాయల్లోకి మార్చి తర్వాత స్టాక్ సరిచేసేవాణ్ణి, అప్పుడు ఏ రేటుతో సరిచేయాలో తెలియక టెన్షన్ పడేవాణ్ణి.

రెండో అటెంప్ట్‌కు ముందు ఆర్‌టీపీలు (రివిజన్ పేపర్లు), ఎంటీపీల్లోని (మాక్ టెస్ట్ పేపర్లలోని) కన్సాలిడేషన్ ప్రశ్నలన్నీ మళ్లీ తీసి, జవాబు మొత్తం వేయకుండా సగం పేజీ పనే చేశాను. ప్రశ్న చివరి నుంచి చదవడం, ఏ తేదీ, ఏ కరెన్సీ, ఏ పాలసీ తేడా, ఎవరు ఎవరికి అమ్మారు అన్నవి తీసి సబ్సిడరీ లాభాన్ని సరిచేయడం, అక్కడితో ఆపి జవాబుతో పోల్చుకోవడం. ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు పట్టేది. గుంటూరులో రైలెక్కితే మంగళగిరి దాటేలోపు ఒకటి, కృష్ణా కెనాల్ దాటి వంతెన మీదకొచ్చేసరికి రెండోది అయ్యేవి. దుబాయ్ కంపెనీని కొన్నప్పుడు వచ్చిన గుడ్‌విల్ కూడా దిర్హమ్‌ల ఆస్తేనని, దాన్ని కూడా ప్రతి ఏడాదీ క్లోజింగ్ రేటుకే మార్చాలని నాకు అర్థమైంది అలాంటి ఒక ఉదయమే. అంతవరకు కొన్న రోజు రేటుతోనే వదిలేస్తూ వచ్చాను. ఆ రోజు ఆఫీసుకు వెళ్లగానే అంతకుముందు చేసిన విదేశీ సబ్సిడరీ లెక్కలన్నీ తీసి, గుడ్‌విల్ వరస ఒక్కటే మళ్లీ వేసుకున్నాను.