హాలోవీన్ ఫెయిరీకి నల్లరంగు లేని రాత్రి

అక్టోబరు సాయంత్రాలు వైజాగ్‌లో ఎప్పుడు ముసురు పడుతుందో తెలియదు. బీచ్‌కి వెళ్లడం కుదరనప్పుడల్లా నేను రంగు పెన్సిళ్లు తీస్తాను. పెద్దవాళ్ల కోసం గీసే కలరింగ్ డిజైన్లంటే నాకు అంత ఇష్టం. ఈసారి ఎంచుకున్నది హాలోవీన్ ఫెయిరీ, అంటే పాశ్చాత్యులు అక్టోబరు చివర దయ్యాల వేషాలతో చేసుకునే హాలోవీన్ పండగకి తగ్గట్టు గీసిన రెక్కల దేవకన్య. నెత్తిన మొనదేలిన టోపీ, వీపున తూనీగ రెక్కలు, ఒళ్లో పిల్లి. కళ్లూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ మీద కాళ్లాడిస్తూ కూర్చుంది.

మా అత్తగారు చూసి, "ఇది కూడా దిష్టికేనా అమ్మా?" అని అడిగారు. ఆవిడ అన్నది నిజానికి దగ్గరగానే ఉంది. ఐర్లండ్‌లో చెడ్డ ఆత్మలు దరిచేరకుండా టర్నిప్ దుంపలకి ముఖాలు చెక్కేవారు. అక్కడివాళ్లు అమెరికా వెళ్లాక గుమ్మడికాయలు అందుకున్నారు. మనం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం. ఇది చెప్పాక ఆవిడ రోజూ వచ్చి బొమ్మ ఎంతవరకు వచ్చిందో చూసుకునేవారు.

ముందు కాగితం సంగతి. మామూలు జెరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఉంటుంది. నాలుగు పొరలు వేసేసరికి ఇక రంగు పట్టదు. డాబాగార్డెన్స్‌లో 160 జీఎస్ఎం కాగితం మీద లేజర్ ప్రింట్ తీయించాను. మన సముద్రపు గాలికి కాగితం చెమ్మ పీల్చుకుని మెత్తబడుతుంది, నొక్కి రుద్దితే పీచు లేస్తుంది. అందుకని ప్లాస్టిక్ ఫోల్డర్‌లో, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాస్తాను.

రంగు వేసేముందు వెలుగు ఎటునుంచి వస్తోందో తేల్చుకోవాలి. ఈ బొమ్మలో రెండు వెలుగులు: గుమ్మడికాయ లోపలి పసుపు, వెనకనుంచి చందమామ. కాబట్టి పాదాలకీ గౌను అంచుకీ పసుపు, టోపీ అంచుకీ రెక్కల పైభాగానికీ లేత నీలం.

గుమ్మడికాయకే ఎక్కువ టైమ్ పట్టింది. కళ్ల మధ్యలో కాగితం తెలుపే వదిలేశాను, అంతకంటే వెలుగు ఏ పెన్సిల్‌లోనూ లేదు. దాని చుట్టూ నిమ్మపసుపు, ఆపైన నారింజ, బయటికి వెళ్లేకొద్దీ ఇటుక ఎరుపు. పలకల మధ్య గాడుల్లో ఊదా. పెన్సిల్ మొన ఎప్పటికప్పుడు చెక్కుకుంటూ, చేతిని తేలిగ్గా ఆడిస్తూ చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. మొదటి పొరలోనే నొక్కితే కాగితం గరుకు చచ్చిపోయి తర్వాతి రంగు జారిపోతుంది.

రాత్రి ఆకాశానికి నల్ల పెన్సిల్ వాడనే లేదు. నలుపు చుట్టూ ఉన్న రంగుల్ని చంపేస్తుందని నా గట్టి నమ్మకం. ముదురు నీలం, దానిమీద ఊదా, ఆపైన ముదురు గోధుమ వేస్తే నలుపుకి దగ్గరగా లోతైన చీకటి వస్తుంది. నారింజకి ఎదురు రంగు నీలం, అందుకే ఈ చీకటి పక్కన గుమ్మడికాయ ఒక్కసారిగా వెలిగింది! పిల్లిని కూడా ఇలాగే వేసి, వీపు మీద వెన్నెల గీత ఒకటి వదిలాను.

రెక్కలకి మాత్రం చెయ్యి కట్టేసుకోవాలి. రెక్కలోని సన్నటి ఈనెల గీతల పక్కన కొంచెం నీలం, మధ్యలో ఖాళీ. నిండా రంగు పూస్తే రెక్క రేకులా బరువుగా కనిపిస్తుంది.

మైనం ఎక్కువుండే పెన్సిళ్లతో దట్టంగా వేస్తే, కొన్నాళ్లకి ముదురు చోట్ల తెల్లటి పొర తేలుతుంది. బూజు పట్టిందని కంగారు పడక్కర్లేదు, అది పైకి వచ్చిన మైనమే. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో పైఫ్లోర్ ఆవిడ ఇదే డిజైన్ ప్రింట్ తీయించుకున్నారు. రాత్రి కాకుండా సంధ్యవేళ ఆకాశం వేస్తానంటున్నారు. అలాగైతే దీపం వెలుగు తగ్గించి, ముందు గులాబీ రంగుతో మొదలుపెట్టమన్నాను.