పొడి ఇసుక
రెండు రోజులుగా మా పిల్లి మంచం కిందే ఉంటే బద్ధకం అనుకున్నాను. నిన్న లిట్టర్ ట్రేలో పదే పదే కూర్చుని ముక్కుతోంది, ఇసుక మాత్రం పొడిగానే ఉంది. మలబద్ధకమేమో అని ఇంకో గంట వృథా చేశాను. డాక్టర్ పొట్ట తడిమి, మూత్రం దారి మూసుకుపోయిందన్నారు. మగపిల్లుల్లో ఆ నాళం సన్నం. ఒకట్రెండు రోజులు ఆలస్యమైతే ప్రాణం మీదికే వస్తుందట.

ఒళ్ళో గుర్రుమంటుంటే హాయిగా ఉందనుకున్నాను (నొప్పిలోనూ గుర్రుమంటాయట!). రోజంతా ఒళ్ళు నాక్కునే పిల్లికి వీపు మీద బొచ్చు అట్టలు కట్టింది, దువ్వెన తీసి దువ్వాను తప్ప ఎందుకో ఆలోచించలేదు.

ట్యూబు పెట్టి అక్కడే ఉంచారు. పొద్దున ఫోన్ చేస్తే, గిన్నె ఖాళీ చేసి నర్సును గీరిందని చెప్పారు. అప్పుడు ఏడుపొచ్చింది.